గుట్ట ఎక్కి కొండ అనుకోవద్దు: పియర్ డి ఫెర్మా జీవితం



మన స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులు చదివే పిల్లల మ్యాథ్స్ నోట్‌బుక్ ఈ నెల ఒకసారి తెరిచి చూడండి. క్యాలిక్యులస్‌లో మ్యాక్సిమా, మినిమా అనే పాఠం దగ్గర ఒకే వరస మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఇచ్చిన ఫంక్షన్‌ని డిఫరెన్షియేట్ చెయ్యడం, వచ్చినదాన్ని సున్నాకి సమానం అని రాయడం, ఎక్స్ విలువ కనుక్కోవడం, ఇదే గరిష్ఠం అని తేల్చేసి కింద గీత గీయడం. పిల్లలు ఈ నాలుగు స్టెప్పులూ చకచకా వేసేస్తారు. రెండో స్టెప్ ఎందుకు వేశావు, నాలుగో స్టెప్ ఎప్పుడు తప్పవుతుంది అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు.

ఆ రెండో స్టెప్‌కి మూలమైన ఆలోచన మనకి ఇచ్చినవారు పియర్ డి ఫెర్మా. ఆయన ఎక్కడా గణితం టీచర్‌గా పనిచేయలేదు. వృత్తిరీత్యా జడ్జి. ఆయన జీవితం తెలిస్తే ఈ పాఠం పిల్లలకి ఎందుకు కష్టమో, ఎక్కడ కష్టమో మనకి కూడా తెలుస్తుంది. మ్యాథ్స్ వదిలేసి ఇరవై ఏళ్ళయినవారు కూడా భయపడకుండా చదవచ్చు. గుణకారం వస్తే చాలు.

తోలు వ్యాపారి కొడుకు

ఫెర్మా దక్షిణ ఫ్రాన్స్‌లోని బోమోన్ ద లొమాన్ అనే చిన్న పట్నంలో పుట్టారు. పుట్టిన ఏడాది 1601 అని పాత పుస్తకాలు రాశాయి. ఇప్పటి చరిత్రకారులు చాలామంది 1607 వైపు మొగ్గుతున్నారు. తండ్రి డొమినిక్ బాగా కలిగిన తోలు వ్యాపారి. డబ్బున్న వ్యాపారి తన కొడుకు ఇంకో మెట్టు పైకి వెళ్ళాలని కోరుకోవడం ఆ రోజుల్లోనూ ఉంది. ఆ మెట్టు అప్పటి ఫ్రాన్స్‌లో న్యాయశాస్త్రం. ఫెర్మా లా చదివి ఓర్లియాన్‌లో డిగ్రీ తీసుకున్నారు. 1631లో తులూజ్ నగరంలోని పార్లమెంట్‌లో కౌన్సిలర్ పదవి సంపాదించారు. పార్లమెంట్ అన్న పేరు చూసి ఎన్నికల సభ అనుకోకండి. అప్పటి ఫ్రాన్స్‌లో అది పెద్ద న్యాయస్థానం. ఆ పదవులు డబ్బు పెట్టి కొనుక్కునేవారు. పదవితో పాటు పేరు మధ్యలో డి అని పెట్టుకునే హోదా కూడా వచ్చింది. ఆ ఏడాదే లూయీజ్ డి లాంగ్‌తో పెళ్ళయింది. ఐదుగురు పిల్లలు పెరిగి పెద్దవారయ్యారు.

ఇంతవరకు చూస్తే ఒక మధ్యస్థాయి అధికారి జీవితమే. ఇంకో వైపు కూడా ఉంది. 1620ల చివర్లో ఆయన బోర్డో నగరంలో కొంతకాలం ఉన్నారు. ఫ్రాంస్వా వియట్ అనే గణితవేత్త రాసిన బీజగణితం అక్కడ ఆయన చేతికి వచ్చింది. తెలియని రాశికి ఒక అక్షరం పెట్టి లెక్క నడిపించే పద్ధతి అది. పాత గ్రీకు జ్యామితిని ఈ కొత్త బీజగణితంతో చూడడం ఫెర్మా అక్కడే మొదలుపెట్టారు. గరిష్ఠ, కనిష్ఠ విలువల మీద ఆయన ఆలోచన పుట్టింది కూడా ఆ రోజుల్లోనే.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా పగలు కోర్టు కాగితాలు, తీరిక దొరికినప్పుడు గణితం. బతికుండగా తన పేరుతో ఒక్క గణిత పుస్తకం కూడా అచ్చు వేయించలేదు. కనుక్కున్నవన్నీ ఉత్తరాల్లో రాసి స్నేహితులకి పంపేవారు. 1636 నుంచి ఆ ఉత్తరాలు ఎక్కువగా పారిస్‌లో ఉండే మెర్సెన్ అనే సన్యాసికి వెళ్ళేవి. యూరప్‌లోని శాస్త్రవేత్తల మధ్య మెర్సెన్ ఒక పోస్టాఫీసులా పనిచేసేవారు. ఒకరు పంపిన లెక్కని కాపీ రాయించి మరో పదిమందికి చేరవేసేవారు.

గీతని రెండు ముక్కలు చేస్తే

ఇప్పుడు ఫెర్మా తన పద్ధతిని చూపించడానికి తీసుకున్న మొదటి లెక్క చూద్దాం. ఒక గీతని రెండు ముక్కలు చెయ్యాలి. ఆ రెండు ముక్కల పొడవుల్ని గుణిస్తే వచ్చే లబ్ధం అన్నిటికంటే ఎక్కువ కావాలి. ఎక్కడ కొయ్యాలి?

గీత పొడవు 10 అనుకోండి. 3, 7 చేస్తే లబ్ధం 21. 4, 6 చేస్తే 24. 5, 5 చేస్తే 25. సరిగ్గా మధ్యలో కొయ్యాలని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఊహిస్తారు. ఫెర్మా గమనించింది జవాబుని కాదు, జవాబు చుట్టుపక్కల జరిగేదాన్ని. 4 దగ్గర నిలబడి 4.1కి జరగండి. లబ్ధం 24 నుంచి 24.19 అవుతుంది. తేడా 0.19. ఇప్పుడు 5 దగ్గర నిలబడి 5.1కి జరగండి. లబ్ధం 25 నుంచి 24.99 అవుతుంది. తేడా 0.01 మాత్రమే. జరిగింది అంతే దూరం, కానీ గరిష్ఠం దగ్గర జరిగితే విలువ దాదాపు కదలనే కదలదు. కొండ వాలులో ఒక అడుగు వేస్తే ఎత్తు బాగా మారుతుంది. శిఖరం మీద నేల చదునుగా ఉంటుంది కాబట్టి ఒక అడుగు వేసినా ఎత్తు మారినట్టే ఉండదు.

ఈ సంగతి ఫెర్మా కంటే ముందు కెప్లర్ కూడా గమనించారు. వైన్ పీపాల్లో ఎంత పడుతుందో లెక్కకట్టడం గురించి 1615లో ఆయన వేసిన పుస్తకంలో, గరిష్ఠం దగ్గర మార్పులు కంటికి ఆననంత చిన్నవవుతాయని చెప్పారు. దాన్ని గమనింపుగా వదిలెయ్యకుండా లెక్క చేసే పద్ధతిగా మార్చింది ఫెర్మా.

ఆ పద్ధతి ఇది. మొదటి ముక్కకి ఎక్స్ అని పేరు పెడదాం. దాన్ని ఇ అనే చిన్న మొత్తం పెంచుదాం. అప్పుడు లబ్ధంలో వచ్చే మార్పు 10ఇ లోంచి 2ఎక్స్ఇ, ఇ స్క్వేర్ రెండూ తీసేసినంత ఉంటుంది. గరిష్ఠం దగ్గర మార్పు లేనట్టే కాబట్టి దాన్ని సున్నాలా చూద్దాం. అంతటినీ ఇ తో భాగిస్తే, 10 అనేది 2ఎక్స్, ఇ కలిపినంత అని వస్తుంది. ఇప్పుడు ఇ ని వదిలేద్దాం. 10 అంటే 2ఎక్స్. ఎక్స్ అంటే 5. మీ పిల్లలు డిఫరెన్షియేట్ చేసి సున్నాకి సమానం రాసినప్పుడు చేసేది అచ్చంగా ఇదే పని. ఆ పేరు, ఆ గుర్తులు తర్వాత వచ్చాయి.

డెకార్ట్‌తో తగాదా

పైన చేసిన లెక్కలో ఒక చోట మీకు అనుమానం రావాలి. ముందు ఇ తో భాగించాం. అంటే అది సున్నా కాదన్నమాట. తర్వాత ఇ ని వదిలేశాం. అంటే అది సున్నా అన్నమాట. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? ఫెర్మా దీనికి గట్టి కారణం ఇవ్వలేదు. దాదాపు సమానం చెయ్యడం అనే అర్థం వచ్చే ఒక పాత గ్రీకు మాటని వాడుకుని ముందుకి వెళ్ళిపోయారు. జవాబులు మాత్రం ప్రతిసారీ సరిగ్గా వచ్చాయి.

1637లో రెనె డెకార్ట్ తన జ్యామితి పుస్తకం అచ్చు వేశారు. ఇంచుమించు అప్పుడే ఫెర్మా పద్ధతి మెర్సెన్ ద్వారా ఆయన చేతికి చేరింది. కాంతి మీద డెకార్ట్ రాసినదాన్ని ఫెర్మా అప్పటికే విమర్శించి ఉన్నారు. డెకార్ట్‌కి అది నచ్చలేదు. ఫెర్మా పద్ధతికి పునాది లేదని, జవాబులు ఏదో అదృష్టం కొద్దీ వస్తున్నాయని వాదించారు. పారిస్‌లోని గణితవేత్తలు రెండు వర్గాలయ్యారు. బ్లేజ్ పాస్కల్ తండ్రి ఎటియెన్ పాస్కల్, రోబెర్వాల్ అనే ప్రొఫెసర్ ఫెర్మా వైపు నిలబడ్డారు.

1638లో డెకార్ట్ ఒక వక్రాన్ని ముందు పెట్టి దీనికి స్పర్శరేఖ గీసి చూపించమన్నారు. ఆకులా ఒక చుట్టు తిరిగే వక్రం అది. ఇప్పటికీ పుస్తకాల్లో డెకార్ట్ పేరుతోనే ఉంది. ఫెర్మా తన పద్ధతితోనే దానికి స్పర్శరేఖ కనుక్కున్నారు. పద్ధతి పనిచేస్తుందని డెకార్ట్ ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఈ తగాదాలో ఎవరు గెలిచారు అనేదానికంటే మన పిల్లలకి కావలసిన విషయం ఒకటుంది. జవాబు సరిగ్గా రావడం, జవాబు ఎందుకు సరైనదో తెలియడం రెండూ వేరు వేరు. ఫెర్మా దగ్గర మొదటిది ఉంది. డెకార్ట్ అడిగింది రెండోది. దానికి పూర్తి సమాధానం 19వ శతాబ్దంలో కోషీ, వయర్‌స్ట్రాస్ వంటివారు లిమిట్ అనే భావనని గట్టిగా నిలబెట్టాక గానీ దొరకలేదు. పిల్లలు క్యాలిక్యులస్‌లో ముందుగా లిమిట్స్ చదివేది ఇందుకే.

చదునుగా ఉన్నదంతా శిఖరం కాదు

ఇప్పుడు నోట్‌బుక్‌లోని నాలుగో స్టెప్‌కి వద్దాం. శిఖరం మీద నేల చదునుగా ఉంటుంది, నిజమే. మరి నేల చదునుగా ఉన్న ప్రతి చోటూ శిఖరమేనా? కాదు. లోయ అడుగున కూడా నేల చదునుగానే ఉంటుంది. కొండ ఎక్కుతుంటే మధ్యలో కాసేపు చదునుగా వచ్చి మళ్ళీ పైకి లేచే చోట్లూ ఉంటాయి. చదును అనేది మూడింటికీ గుర్తే.

సరే, అది నిజంగా శిఖరమే అనుకుందాం. అయినా ఏ శిఖరం? భువనగిరి గుట్ట మీద నిలబడితే చుట్టుపక్కల దానికంటే ఎత్తు ఏదీ కనిపించదు. అంతమాత్రాన రాష్ట్రంలో అదే ఎత్తయినది అనలేం. తన చుట్టుపక్కల మాత్రమే పెద్దదైన విలువని లోకల్ మ్యాక్సిమమ్ అంటారు. తెలుగు పుస్తకాల్లో స్థానీయ గరిష్ఠం. మొత్తం పరిధిలో అన్నిటికంటే పెద్దదైన విలువ గ్లోబల్ మ్యాక్సిమమ్. పుస్తకాల్లో పరమ గరిష్ఠం. ఫెర్మా సూత్రం చదునైన చోట్లని చూపిస్తుంది. వాటిలో ఏది ఎంత పెద్దదో, వాటికి బయట ఇంకేమైనా ఉందో అది చెప్పదు.

ఒక లెక్క చూడండి. ఎక్స్ క్యూబ్ మైనస్ 3ఎక్స్ అనే ఫంక్షన్, ఎక్స్ విలువ మైనస్ 3 నుంచి 3 వరకు. డిఫరెన్షియేట్ చేసి సున్నాకి సమానం చేస్తే రెండు చోట్లు వస్తాయి: మైనస్ 1, 1. మైనస్ 1 దగ్గర ఫంక్షన్ విలువ 2. 1 దగ్గర మైనస్ 2. తొందరపడే విద్యార్థి గరిష్ఠం 2 అని గీత గీసేస్తాడు. కానీ చివరన, ఎక్స్ 3 అయిన చోట, విలువ ఎంతో చూడండి. 27 లోంచి 9 పోతే 18. మొదటి చివర మైనస్ 3 దగ్గర మైనస్ 18. అసలు గరిష్ఠం 18, అసలు కనిష్ఠం మైనస్ 18. అవి రెండూ చివర్లలో ఉన్నాయి. అక్కడ నేల చదునుగా లేదు, నిటారుగా ఉంది. 2 అనేది గుట్ట మాత్రమే.

బోర్డు పరీక్షలో, జేఈఈలో పిల్లలు మార్కులు పోగొట్టుకునే చోటు ఇదే. డిఫరెన్షియేషన్ వచ్చినా, చివర్లు చూడరు.

మూడు ఊళ్ళు, ఒక ట్యాంకు

చదునైన చోట్లు, చివర్లు. ఈ రెండూ చూస్తే సరిపోతుందా? సరిపోదని ఫెర్మా తానే వేసిన ఒక లెక్క చూపిస్తుంది. గరిష్ఠ, కనిష్ఠాల మీద రాసిన వ్యాసంలో ఆయన ఇతరులకి ఒక ప్రశ్న విసిరారు. మూడు బిందువులు ఇచ్చాను, ఆ మూడింటికీ ఉన్న దూరాల మొత్తం అన్నిటికంటే తక్కువగా ఉండేలా నాలుగో బిందువు కనుక్కోండి అని. మనకి తెలిసిన భాషలో, మూడు ఊళ్ళకి ఒక మంచినీళ్ళ ట్యాంకు కట్టాలి. ఒక్కో ఊరికి ట్యాంకు నుంచి నేరుగా ఒక పైపులైను. మొత్తం పైపు తక్కువ కావాలంటే ట్యాంకు ఎక్కడ?

ఇటలీలో టోరిసెల్లి దీన్ని సాధించారు. భారమితి కనిపెట్టిన టోరిసెల్లి ఈయనే. ట్యాంకు దగ్గర నిలబడి చూస్తే ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా కోణం 120 డిగ్రీలు ఉండాలి. అదే సరైన చోటు. అయితే మూడు ఊళ్ళని కలిపే త్రిభుజంలో ఏదో ఒక ఊరి దగ్గర కోణం 120 డిగ్రీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందనుకోండి. అప్పుడు అలాంటి చోటు త్రిభుజం లోపల ఎక్కడా ఉండదు. ట్యాంకు ఆ ఊళ్ళోనే కట్టాలి. ఆ బిందువు దగ్గర దూరాల గ్రాఫ్ చదునుగా ఉండదు, గరాటా అడుగులా మొనదేలి ఉంటుంది. మొన దగ్గర డిఫరెన్షియేట్ చెయ్యడమే కుదరదు. సున్నాకి సమానం చేసి వెతికేవారికి ఈ జవాబు ఎన్నటికీ దొరకదు.

కాబట్టి అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే చిన్నది కావాలంటే మూడు చోట్ల వెతకాలి. చదునైన చోట్లు, మొనలు, చివర్లు. ఒక వక్రం కొసల నుంచి కొసల వరకు తెగకుండా ఉంటే జవాబు ఈ మూడింటిలో ఎక్కడో తప్పకుండా ఉంటుంది. అన్నిటి దగ్గరా విలువ కట్టి, పక్కపక్కన రాసి పోల్చాలి. ఈ పోల్చే పని తప్పించుకునే దగ్గరిదారి లేదు.

కాంతి ఎంచుకునే దారి

ఫెర్మా తన చదును సూత్రాన్ని గణితం నుంచి ప్రకృతిలోకి కూడా తీసుకెళ్ళారు. నీళ్ళ గ్లాసులో పెట్టిన స్పూన్ వంగినట్టు కనిపిస్తుంది కదా. గాలి నుంచి నీళ్ళలోకి వెళ్ళేటప్పుడు కాంతి దారి మళ్ళుతుంది. ఎందుకు? 1662లో ఫెర్మా చెప్పిన సమాధానం ఏమిటంటే, ఒక చోట నుంచి మరో చోటికి వెళ్ళడానికి కాంతి తక్కువ సమయం పట్టే దారిని పడుతుంది.

మనం కూడా అదే చేస్తాం. గట్టి నేల దాటి, దమ్ము చేసిన మడిలో ఉన్న మనిషిని త్వరగా చేరాలంటే తిన్నగా వెళ్ళం. గట్టి నేల మీద ఇంకొంచెం ఎక్కువ దూరం నడిచి, బురదలో నడిచే దూరం తగ్గించుకుంటాం. నీళ్ళలో కాంతి నెమ్మదిగా వెళ్తుందని అనుకుని ఫెర్మా తన పద్ధతితో లెక్క కట్టారు. డెకార్ట్ దీనికి వ్యతిరేకంగా, దట్టమైన పదార్థంలో కాంతి వేగంగా వెళ్తుందని అనుకుని తన నియమం రాశారు. తీరా చూస్తే ఫెర్మాకి కూడా డెకార్ట్ రాసిన నియమమే వచ్చింది. ఆయనకే ఆశ్చర్యం కలిగింది. నీళ్ళలో కాంతి నెమ్మదిగానే వెళ్తుందని 1850లో ఫూకో ప్రయోగం చేసి చూపించారు. ఈ విషయంలో ఫెర్మా ఊహ సరైనది.

ఇక్కడ కూడా లోకల్, గ్లోబల్ తేడా ఎదురవుతుంది. బాగా వంగిన పుటాకార దర్పణం మీద పడి తిరిగి వచ్చే కాంతి, కొన్ని ఏర్పాట్లలో, పక్క దారులన్నిటికంటే ఎక్కువ సమయం పట్టే దారిలోనే వెళ్తుంది. తక్కువ సమయం అన్న మాట అక్కడ తప్పుతుంది. ఏ మాట తప్పదంటే, కాంతి దారి చదునైన దారి. అంటే కొంచెం అటూ ఇటూ జరిపినా సమయం మారినట్టే ఉండని దారి. ఇప్పటి ఫిజిక్స్ పుస్తకాలు ఫెర్మా సూత్రాన్ని ఇలా సరిచేసి చెప్తాయి.

ఐదు సార్లు నిజమైనది

సంఖ్యల మీద ఫెర్మాకి ఉన్న ప్రేమ ఇంకా ఎక్కువ. 2 ని రెండు రెట్లు పెరిగే ఘాతాలకి ఎత్తి 1 కలిపితే వచ్చే సంఖ్యల్ని ఆయన చూశారు. 3, 5, 17, 257, 65537. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని ఆయన నమ్మారు. రుజువు తన దగ్గర లేదని కూడా చెప్పుకున్నారు. 1732లో ఆయిలర్ ఆరో సంఖ్యని పట్టుకున్నారు. 4294967297 ని 641 భాగిస్తుంది. ఐదు సార్లు నిజమైన మాట ఆరోసారి తప్పింది. చూసిన మేర నిజం కావడం, అంతటా నిజం కావడం ఒకటి కాదు. పైన చెప్పుకున్న గుట్ట, కొండ తేడాయే ఇక్కడ సంఖ్యల్లో కనిపిస్తుంది.

ఆయన పేరు ఇంటింటికీ తెలిసేలా చేసిన లెక్కలో కూడా ఈ తేడాయే ఉంది. గ్రీకు గణితవేత్త డయోఫాంటస్ పుస్తకం మార్జిన్‌లో ఫెర్మా ఒక మాట రాసుకున్నారు. రెండు వర్గాలు కలిపితే మరో వర్గం రావచ్చు. 9, 16 కలిపితే 25 వచ్చినట్టు. కానీ రెండు ఘనాలు కలిపితే మరో ఘనం రాదు, ఆ పై ఏ ఘాతానికీ అలా కుదరదు అని. చక్కని రుజువు ఉందనీ, మార్జిన్‌లో చోటు చాలదనీ రాశారు. నాలుగో ఘాతానికి ఆయన చేసిన రుజువు మాత్రమే మనకి దొరికింది. 1993 నాటికి కంప్యూటర్లతో 40 లక్షల ఘాతాల వరకు సరిచూశారు. అన్నీ నిజమే. అయినా గణితవేత్తలు దాన్ని రుజువు అనలేదు. పదేళ్ళ వయసులో ఊరి లైబ్రరీలో ఈ లెక్క గురించి చదివిన ఇంగ్లండ్ పిల్లవాడు ఆండ్రూ వైల్స్ పెద్దయ్యాక ఏడేళ్ళకి పైగా దాని మీదే కూర్చున్నారు. 1993లో ప్రకటించిన రుజువులో ఒక ఖాళీ బయటపడింది. రిచర్డ్ టేలర్ సాయంతో 1994లో దాన్ని పూడ్చారు. 1995లో రుజువు అచ్చయింది. ఫెర్మా పోయి అప్పటికి 330 ఏళ్ళు.

చివరి ఏళ్ళు

1650ల మొదట్లో తులూజ్‌లో ప్లేగు వచ్చింది. ఫెర్మాకి కూడా సోకింది. 1653లో ఆయన చనిపోయారని ఒక స్నేహితుడు రాసేశారు కూడా. తర్వాత ఆ వార్త తప్పని సరిదిద్దారు. కోలుకున్న మరుసటి ఏడాది, 1654లో, బ్లేజ్ పాస్కల్‌తో ఉత్తరాలు నడిచాయి. మధ్యలో ఆగిపోయిన పందెం డబ్బుని ఆటగాళ్ళకి ఎలా పంచాలి అన్న ప్రశ్న మీద ఇద్దరూ రాసుకున్నారు. మీ పిల్లలు చదివే ప్రాబబిలిటీ పాఠానికి అవే పునాది.

1665 జనవరి 12న కాస్త్ర్ అనే ఊళ్ళో, కోర్టు పని మీద ఉండగానే ఫెర్మా చనిపోయారు. కాగితాలన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి. పెద్దకొడుకు సామ్యూల్ వాటిని వెతికి పోగుచేశారు. 1670లో డయోఫాంటస్ పుస్తకాన్ని తండ్రి మార్జిన్ రాతలతో సహా అచ్చు వేయించారు. 1679లో మిగతా వ్యాసాలు, ఉత్తరాలు కొన్ని కలిపి మరో పుస్తకం వేశారు. ఆ కొడుకు ఓపిక లేకపోతే ఈ రోజు మనం చెప్పుకునేవాటిలో చాలా భాగం పోయేవి. ఫెర్మా స్పర్శరేఖలు గీసిన తీరు నుంచే తన క్యాలిక్యులస్‌కి మొదటి సూచన దొరికిందని న్యూటన్ ఒక ఉత్తరంలో రాసుకున్నారు.

1640లో తులూజ్‌లో ఫెర్మాని అడిగి ఉంటే ఊరివాళ్ళు ఒక కోర్టు ఉద్యోగిని చూపించేవారు. వాళ్ళు చూడగలిగిన మేర అది నిజమే. ఆయన జీవితంలో ఎత్తయిన చోటు వాళ్ళు చూస్తున్న పరిధికి బయట ఉంది.

మీ చేతిలో ఉన్న ప్రోగ్రెస్ కార్డు కూడా చిన్న పరిధే. మూడు టెస్టుల్లో ఒకే మార్కులు వస్తే గ్రాఫ్ చదునైందని మాత్రమే అర్థం. అది శిఖరమా, లోయా, ఎక్కుతూ మధ్యలో ఆగిన మెట్టా అన్నది ఆ మూడు అంకెల్లో ఉండదు. తొంభై వచ్చిందని పొంగిపోవడానికీ, యాభై దగ్గర ఆగిందని కుంగిపోవడానికీ ముందు ఇంకొంచెం ముందూ వెనకా చూడండి. మాతో మాట్లాడండి.

ఇంట్లో చేసి చూడండి

18 సెంటీమీటర్ల చదరపు చార్ట్ ముక్క తీసుకోండి. నాలుగు మూలలా ఒకే కొలత చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి, మూత లేని పెట్టె చెయ్యండి. ఎంత కొలత కత్తిరిస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది? చిన్న తరగతుల పిల్లలు ఒక్కో కొలతకి ఘనపరిమాణం కట్టి టేబుల్ రాయవచ్చు. 2 సెంటీమీటర్లు కత్తిరిస్తే 392 ఘనపు సెంటీమీటర్లు, 3 అయితే 432, 4 అయితే 400. ఇప్పుడు 2.9, 3.1 కూడా కట్టమనండి. రెండూ 431 దాటి, 432కి కొంచెం తక్కువగా వస్తాయి. ఫెర్మా చూసిన చదును అదే. 1 నుంచి 1.1కి వెళ్తే మాత్రం 256 నుంచి 274 దాటుతుంది.

పెద్ద తరగతుల పిల్లలు డిఫరెన్షియేట్ చేసి సున్నాకి సమానం చేస్తే రెండు జవాబులు వస్తాయి: 3, 9. రెండు చోట్లా నేల చదునే. 9 సెంటీమీటర్లు కత్తిరిస్తే ఏం మిగులుతుందో కత్తెరతో చేసి చూడమనండి. కాగితం మొత్తం నాలుగు ముక్కలైపోతుంది, పెట్టే ఉండదు.

ఆ తర్వాత నోట్‌బుక్‌లో ఏ మ్యాక్సిమా లెక్క కనిపించినా మీ అబ్బాయినో అమ్మాయినో మూడు ప్రశ్నలు అడగండి. చదునైన చోట్లన్నీ పట్టుకున్నావా? మొనలు ఏమైనా ఉన్నాయా? చివర్లు చూశావా? మీకు క్యాలిక్యులస్ రాకపోయినా ఈ మూడు ప్రశ్నలు అడగవచ్చు. సమాధానం వెతుక్కునే పని పిల్లలది.